పెద్దల చదువు, కంప్యూటరు, నలభై గంటలు



మన సంఘంలో పెద్దవాళ్లకు కంప్యూటరు మీద తెలుగు చదవడం నేర్పాలనే మాట కొంతకాలంగా నలుగుతూ ఉంది. దానికి పాఠాల పట్టిక కూడా తయారవుతోంది. అందులో యాభై ఆరు అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, వ్యాకరణం, శతక పద్యాలు, టైపింగు, ఈమెయిలు అన్నీ ఉన్నాయి. ప్రతి ఒక్కరూ మంచి మనసుతో ఒక్కొక్కటి చేర్చారు. గూడ్సు బండికి పెట్టె మీద పెట్టె తగిలించినట్టు అయింది. లాగాల్సిన ఇంజను మాత్రం అరవై, డెబ్బై ఏండ్ల మనిషి.

పట్టిక ఖాయం చేసే ముందు, ఈ పని మనకంటే ముందు చేసినవాళ్లు ఏం చేశారో సభ్యుల ముందు పెట్టాలని మేము ఇది రాస్తున్నాము. ఇందులో మూడు ఊళ్లు వస్తాయి. ఒకటి బ్రెజిల్‌లో, ఒకటి అమెరికాలో, ఒకటి హైదరాబాదు పక్కన. ఈ మూడు చోట్లా ఎదురైన ప్రశ్న ఒక్కటే: పెద్దవాళ్లకు నేర్పేటప్పుడు ఏది తీసేయాలి?

ముందుగా, మన దగ్గర నేర్చుకోబోయేది ఎవరు? తమిళనాడులో పుట్టి పెరిగిన తెలుగువాళ్లు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మేమూ ఆ బడిలో చదివినవాళ్లమే. తిట్టుకునేది, లాలిపాట పాడేది, లెక్కపెట్టేది తెలుగులో. చదివేది, సంతకం పెట్టేది తమిళంలో. 2006 చట్టం తరువాత ఒకటో తరగతి మొదలు తమిళం తప్పనిసరి అయింది కాబట్టి పిల్లల పరిస్థితీ చాలావరకు ఇదే. అంటే మన విద్యార్థి భాష రాని మనిషి కాదు, చదువు రాని మనిషీ కాదు. ఆయనకు లేనిది ఒక లిపి, అంతే. ఈ సంగతి మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

ఆంజికోస్, 1963

బ్రెజిల్ ఈశాన్య భాగంలో రియో గ్రాండే దో నోర్తె అనే రాష్ట్రం ఉంది. అందులో ఆంజికోస్ అనే చిన్న ఊరు. ఆ రోజుల్లో ఆ దేశంలో చదవడం రాయడం రానివాళ్లకు ఓటు లేదు. 1963లో పావులో ఫ్రేరీ అనే అధ్యాపకుడు తన జట్టుతో ఆ ఊళ్లో సుమారు 300 మంది కూలిజనానికి చదువు చెప్పే పని పెట్టుకున్నాడు. పెట్టుకున్న గడువు నలభై గంటలు.

ఆయన అక్షరమాలతో మొదలుపెట్టలేదు. ముందు జట్టు ఊళ్లో తిరిగి జనం మాట్లాడే మాటలు ఏరింది. అందులోంచి కొద్ది మాటలు, పదిహేడు దాకా, ఎంచుకున్నారు. ఆ కొద్ది మాటల్లోనే వాళ్ల భాషలోని ధ్వనులన్నీ వచ్చేటట్టు చూసుకున్నారు. స్లైడు ప్రొజెక్టరుతో గోడ మీద బొమ్మ వేసేవాళ్లు, దాని మీద మాట్లాడించేవాళ్లు, ఆ తరువాతే మాట చూపించేవాళ్లు.

ఈ పద్ధతికి అందరూ చెప్పే ఉదాహరణ ‘తిజోలో’, అంటే ఇటుక. ఇటుకలు మోసినవాడికి ఆ మాట అర్థం చెప్పనక్కరలేదు. దాన్ని తి, జో, లో అని విడగొట్టి, ‘తి’ పక్కన త, తె, తొ, తు పెట్టేవాళ్లు. చూస్తే మన గుణింతమే కదా! తేడా ఒక్కటే. మన బడిలో గుణింతం ముందు వస్తుంది, మాట తరువాత వస్తుంది. అక్కడ ఇటుక ముందు వచ్చింది, గుణింతం దానిలోంచి వచ్చింది.

1964లో సైన్యం అధికారం పట్టుకుంది. ఆ పని ఆగిపోయింది, ఫ్రేరీని జైల్లో పెట్టారు, తరువాత ఆయన దేశం విడిచి పోవాల్సి వచ్చింది. ఓటు లేనివాళ్లకు నలభై గంటల్లో ఓటు తెప్పించే చదువంటే పాలకులకు చిన్న సంగతి కాదు మరి.

యార్క్‌టౌన్ హైట్స్, 1980ల మాట

రెండో ఊరు న్యూయార్కు రాష్ట్రంలో ఉంది. అక్కడ ఐబీఎం కంపెనీ పరిశోధనాలయంలో జాన్ కారోల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. అప్పుడు ఆఫీసుల్లో టైపు మిషన్లు పోయి, పత్రాలు తయారుచేసే కంప్యూటర్లు వస్తున్నాయి. కంపెనీ వాటితో పాటు, ఎవరికి వారే చదువుకుని నేర్చుకునే పుస్తకం ఇచ్చేది. కారోల్, ఆయన తోటివాళ్లు ఒక తేలికైన పని చేశారు. కంప్యూటరు ముట్టని ఆఫీసు ఉద్యోగులను పిలిచి, మిషను, పుస్తకం చేతికిచ్చి, మనసులో అనుకునేది పైకి చెబుతూ నేర్చుకోమన్నారు. పక్కన కూర్చుని చూశారు.

చూసింది ఇది. పుస్తకంలో రాసిన వరుసలో ఎవరూ పోలేదు. వాళ్లకు కావాల్సింది ఒక ఉత్తరం టైపు చేయడం. పీఠిక, పరిచయం, బొమ్మల వివరణ దాటేసి నేరుగా మీటలు నొక్కేవాళ్లు. ఎక్కడో ఒక తప్పు పడేది. ఆ తప్పు గురించి పుస్తకంలో ఉండేది కాదు, ఎందుకంటే పుస్తకం అంతా సరిగా జరుగుతుందనే నమ్మకంతో రాసింది. ఇక అక్కడి నుంచి తెర ఒక దారి, పుస్తకం ఒక దారి. మనిషి మధ్యలో చిక్కుకుపోయేవాడు.

దీనికి చాలామంది చెప్పే మందు ఇంకా వివరంగా, ఇంకా పెద్ద పుస్తకం రాయడం. కారోల్ దానికి ఎదురు పోయాడు. 94 పేజీల స్వయంబోధిని తీసేసి, దాని తావున 25 కార్డులు పెట్టాడు. ఒక్కో కార్డు మీద ఒక్కో పని, దానికి చిన్న సూచన, పని సరిగా అయిందో లేదో చూసుకునే గుర్తు, తప్పు పడితే బయటికి వచ్చే దారి. అంతే. కార్డులతో నేర్చుకున్నవాళ్లకు పుస్తకంతో నేర్చుకున్నవాళ్ల సమయంలో సగం కూడా పట్టలేదు. ఇంకో ప్రయోగంలో, కొత్తవాళ్లకు మొదట అక్కరలేని సదుపాయాలన్నీ తాత్కాలికంగా మూసేశారు. అలాంటిది నొక్కితే, ఇది ఇప్పుడు పనిచేయదని తెర చెబుతుంది, ఏ నష్టమూ జరగదు. పిల్లల సైకిలుకు పక్కన చిన్న చక్రాలు పెట్టినట్టు. 1984లో ఈ ప్రయోగం ఫలితాలు అచ్చయ్యాయి. చక్రాలున్నవాళ్లు పని త్వరగా ముగించారు, తప్పుల్లో చిక్కుకుని పోగొట్టుకున్న సమయమూ తగ్గింది.

1990లో ఆయన ఇదంతా పుస్తకంగా తెచ్చాడు. పేరు ‘న్యూరంబర్గ్ గరాటు’. 1647లో జర్మనీలో న్యూరంబర్గ్ పట్టణపు కవి హార్స్‌డోర్ఫర్, ఆరు గంటల్లో కవిత్వ విద్య పోసేస్తానని ఒక పుస్తకం వేశాడు. అప్పటి నుంచి తలకు గరాటు పెట్టి చదువు పోసే బొమ్మ ఆ దేశంలో సామెత అయింది. అలాంటి గరాటు లేదనేదే కారోల్ వాదం. నేర్చుకునేవాడు ఖాళీ కుండ కాదు. వాడికి తన పని తెలుసు, తన గురి తెలుసు, వాడు ఊరికే కూర్చోడు.

ఈ పద్ధతికి మినిమలిజం అని పేరు పడింది. తరువాత 1995లో కారోల్, వాన్ డెర్ మై అనే ఇద్దరూ దాన్ని నాలుగు సూత్రాలుగా కుదించారు. మా మాటల్లో చెబితే ఇవి: ఒకటి, మొదటి నిమిషం నుంచే చేతికి పని ఇవ్వు. రెండు, ఆ పని నేర్చుకునేవాడి నిజమైన పని అయి ఉండాలి. మూడు, తప్పు పడుతుందని ముందే అనుకో, తప్పు తెలుసుకునే గుర్తూ, బయటపడే దారీ చూపించు. నాలుగు, ఎక్కడ తెరిచినా కావాల్సింది దొరికేటట్టు పాఠం ఉంచు.

మా రైల్వే వాళ్లకు ఇది చదివితే కొత్తగా అనిపించదు. 1985–86లో ఢిల్లీలో రిజర్వేషనుకు కంప్యూటరు వచ్చింది, ఆ దశాబ్దం ముగిసే లోపే మద్రాసుకూ వచ్చింది. పెద్ద రిజిస్టర్లలో పేర్లు రాసినవాళ్లూ, అట్ట టికెట్ల మీద తేదీ గుద్దినవాళ్లూ తెర ముందు కూర్చున్నారు. బండి నంబరు, తేదీ, తరగతి, ఎక్కే స్టేషను, దిగే స్టేషను, ప్రయాణికుడి పేరు, వయసు: ఇవన్నీ మాకు నిద్రలో లేపినా వచ్చేవి. మేము కొత్తగా నేర్చుకున్నది ఏ మీట ఎక్కడ నొక్కాలో, అంతే. అదీ ఎక్కువగా కౌంటరులో పక్కవాడి చేయి చూసే వచ్చింది. 1994లో సికింద్రాబాదులో కొత్త సాఫ్ట్‌వేరు మొదలై, 1999కి ఐదు పెద్ద కేంద్రాలు ఒకదానితో ఒకటి కలిసినప్పుడు కూడా అంతే. పాత పని తెలిసినవాడికి కొత్త మిషను భయం కొద్ది రోజులే.

బీరంగూడ, 2000

మూడో ఊరు మనకు దగ్గరిది. హైదరాబాదు పక్కన, అప్పటి మెదక్ జిల్లాలో బీరంగూడ. ఇప్పుడది సంగారెడ్డి జిల్లాలో ఉంది.

టాటా కన్సల్టెన్సీని మొదటి నుంచి నడిపిన ఫకీర్ చంద్ కోహ్లీ, వయసు మీరిన తరువాత వయోజన విద్య మీద దృష్టి పెట్టాడు. 2001 జనగణనలో మన దేశంలో అక్షరాస్యత సుమారు 65 శాతం. అంటే నూటికి 35 మంది బయటే ఉన్నారు. జాతీయ అక్షరాస్యతా మిషను 1988లో మొదలై చాలా పని చేసింది. కానీ దాని మూడు వాచకాలు ముగించాలంటే ఒక్కో మనిషికి సుమారు 200 గంటలు పట్టేది. పగలంతా కూలిపని చేసిన ఆడమనిషి సాయంత్రం అన్ని గంటలు ఎక్కడి నుంచి తెస్తుంది? వాచకం సగంలో ఆగిపోయేది.

కోహ్లీ, హైదరాబాదులోని ఆయన జట్టు ఒక ప్రశ్న వేసుకున్నారు: ఈ మనిషికి అన్నిటికంటే ముందు ఏం కావాలి? చదవడం. బస్సు మీద పేరు, మందు సీసా మీద చీటీ, రేషను కార్డు, పత్రిక. అయితే చదవడం ఒక్కటే పెట్టుకుందాం. రాయడం తరువాత చూసుకోవచ్చు.

ఆ ఒక్క నిర్ణయంతో బరువు సగం దిగిపోయింది. మిగిలినదాంట్లో కూడా అక్షరమాల వరుస వదిలేశారు. మిషను వాచకాల్లోని మాటలనే తీసుకుని, బొమ్మ, మాట, గొంతు ఒకేసారి తెర మీద వచ్చేటట్టు చేశారు. మాట ముందు కనబడుతుంది, తరువాత విడిపోయి అక్షరాలు అవుతుంది, మళ్లీ కలుస్తుంది. సుమారు 500 మాటలు గురి. ఒక్క కంప్యూటరు చుట్టూ గుంపుగా కూర్చుంటే చాలు. అదీ ఆఫీసులు పక్కన పడేసిన పాతరకం మిషను అయినా సరే. పాఠం కంప్యూటరే చెబుతుంది కాబట్టి శిక్షణ పొందిన పంతులు కూడా తప్పనిసరి కాదు. ఊళ్లో కాస్త చదువుకున్నవాళ్లు ఎవరైనా నడిపించవచ్చు.

మొదట మన తెలుగులోనే చేశారు. బీరంగూడ ఆడవాళ్లు ఎనిమిది, పది వారాల్లో తెలుగు పత్రిక చదవడం మొదలుపెట్టారు. మొత్తం పట్టిన సమయం నలభై గంటలు, కాస్త అటూ ఇటూ. తరువాత ఇదే పద్ధతి తమిళం, హిందీ, మరాఠీ, ఒడియా, కన్నడం మొదలైన భాషల్లోకి పోయింది. మన సంఘాల వాళ్లు ఉండే రాష్ట్రాల భాషలు చాలావరకు ఇందులో ఉన్నాయి. వాటన్నిటికీ మొదటి అడుగు తెలుగు మాట మీద పడింది. ఈ సంగతి మనలో ఎందరికి తెలుసు?

బ్రెజిల్‌లో ఒక గోడ మీద బొమ్మ, ఇక్కడ ఒక పాత కంప్యూటరు. మధ్యలో ముప్పై ఏడేండ్లు. రెండు చోట్లా లెక్క నలభై గంటలకే వచ్చి నిలిచింది.

తగ్గించడమంటే కత్తిరించడం కాదు

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇదంతా విని, అయితే మన పట్టికను సగానికి కోసేద్దాం అనుకుంటే అది మినిమలిజం కాదు. పెద్ద పుస్తకాన్ని కుదించి చిన్న పుస్తకం చేస్తే అది అర్థం కాని చిన్న పుస్తకం అవుతుంది. కారోల్ కూడా ఈ అపోహ తీర్చడానికి విడిగా రాయాల్సి వచ్చింది. ఏది తీయాలో తెలియాలంటే నేర్చుకునేవాడు ఏం తెచ్చుకుని వచ్చాడో ముందు తెలియాలి. వాడికి ఉన్నదాన్ని మళ్లీ నేర్పకూడదు. వాడి గురికి అడ్డం వచ్చేదాన్ని పక్కన పెట్టాలి. వాడికి లేనిది, కావాల్సినది మాత్రం పూర్తిగా ఇవ్వాలి.

బీరంగూడ పద్ధతికీ లోటు ఉంది. జనగణన లెక్కలో అక్షరాస్యులు కావాలంటే చదవడం, రాయడం రెండూ రావాలి. చదవడంతో ఆగితే ప్రభుత్వం లెక్కలో ఆ మనిషి ఇంకా బయటే. అదీకాక, నేర్చుకున్న తరువాత చదవడానికి ఇంటికి ఏదీ రాకపోతే అక్షరం మరుపున పడుతుంది.

చదివేదానికీ బతుక్కూ ముడి పడితే ఏమవుతుందో చెప్పడానికి నెల్లూరు చాలు. 1990ల మొదట్లో అక్కడి అక్షరాస్యతా ఉద్యమంలో ఆడవాళ్లు, దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాన్ని ఎదిరించిన కథను పాఠంగా చదివారు. ఆ పాఠం వాచకంలో ఆగలేదు. ఊరూరా సారా దుకాణాల ముందుకు వచ్చింది. చదివిన మాట వాళ్ల ఇంటి మాట కావడమే దానికి కారణం.

మన పట్టిక సంగతి

ఇప్పుడు మనవాళ్ల దగ్గరికి వద్దాం. మేము అనుకునేది సభ్యుల ముందు పెడుతున్నాము. కాదనేవాళ్లు కాదనండి, కారణం చెప్పండి.

మొదటిది, చదవడం ఒక్కటే పెట్టుకుందాం. రాయడం, టైపింగు, ఈమెయిలు అడిగినవాళ్లకు తరువాత.

రెండోది, అక్షరాల వరుస. మనవాళ్లకు తమిళ లిపి వచ్చు. అచ్చు అంటే ఏమిటో, హల్లుకు గుర్తు చేరితే శబ్దం ఎలా మారుతుందో వాళ్లకు చెప్పక్కరలేదు. తమిళంలో ఒకే అక్షరాన్ని క అనీ గ అనీ చదువుతారు. తెలుగులో రెంటికీ వేరే వేరే అక్షరాలు. కానీ వాళ్ల చెవికి ఆ తేడా పుట్టినప్పటి నుంచి తెలుసు. గంప అనాల్సిన తావున కంప అనరు. కాబట్టి నేర్పాల్సింది శబ్దం కాదు, ఆకారం. ఒత్తు కొత్త. తమిళంలో సగం హల్లు మీద చుక్క పెడతారు, పక్కనే రెండో హల్లు రాస్తారు. మనం రెండోదాన్ని కిందికి దించి వేలాడదీస్తాం. ఈ ఒక్క మాట చెప్పి ‘అమ్మ’ చూపిస్తే ఒత్తు తలకెక్కుతుంది. ఋ, ౠ, ఙ, ఞ లాంటివి పత్రికలో ఎదురైన రోజు చూసుకుందాం. ఒత్తక్షరాలకు కూడా వరుస వద్దు, అవసరం చూద్దాం. ఒకామె కూతురి పేరు రాధ అయితే ఆమెకు ‘ధ’ మొదటి రోజే కావాలి. ‘ఝ’ ఆమెకు ఈ ఏడాది అక్కరలేదు.

మూడోది, తెర. ఒక్కసారికి ఒక్క మాట, పెద్ద అక్షరాలు. పాస్‌వర్డు, మెనూ వద్దు. మళ్లీ వినడానికి ఒక బటను, వెనక్కి పోవడానికి ఒక బటను, రెండూ ఎప్పుడూ ఒకే తావులో. ‘నీళ్లు’ చూపించమంటే ‘పాలు’ మీద వేలు పెట్టారనుకోండి. ఎర్ర గుర్తు, బజరు మోత వద్దు. ‘ఇది పాలు’ అని గొంతు చెబితే చాలు. తప్పు కూడా ఒక పాఠం అవుతుంది. మనవళ్ల ముందు సిగ్గు కూడా పడక్కరలేదు.

నాలుగోది, పద్యాలు. పద్యం లేకుండా తెలుగు చదువేమిటని కొందరు పెద్దలు బాధపడతారు, మాకు తెలుసు. పద్యం తీసేయమనడం లేదు. మన అవ్వలకు, తాతలకు నోటికి వచ్చిన పద్యాలూ పాటలూ ఎన్నో ఉన్నాయి. వాళ్లు పలికేదాన్నే తెర మీద అక్షరాల్లో చూపిద్దాం. రానిది బట్టీ పెట్టించే పని లేదు. వచ్చినదే చదివిస్తే, తరువాతి మాట ఏదో వాళ్లకు ముందే తెలుసు కాబట్టి కన్ను అక్షరాన్ని తొందరగా పట్టుకుంటుంది.

ఐదోది, గురి. నలభై గంటల చివర ఏం చదవాలి? పరీక్ష కాగితం కాదు. బంధువుల పెళ్లి పత్రిక, తిరుపతిలో బోర్డు, మనవరాలు పంపిన రెండు ముక్కల సందేశం. ఇంకొకటి కూడా ఉంది. మన ఇండ్లలో పాత పెట్టెల్లో తాతల నాటి ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు, చేతిరాత పాటలు తెలుగు లిపిలో ఉన్నాయి. వాటిని దాచుకున్నవాళ్లకు అవి చదవడం రాదు. చదవడం వచ్చిన ఊరివాళ్లకు అందులోని మనుషులు ఎవరో తెలియదు. అక్షరం, జ్ఞాపకం రెండూ ఒకే మనిషిలో కలిస్తేనే ఆ కాగితం మాట్లాడుతుంది. జ్ఞాపకం ఉన్నవాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటాయి. వాళ్లను 200 గంటలు కూర్చోమనే హక్కు మనకు లేదు.

అందుకని ఒక మనవి. పాఠాలు చేసే కుర్రవాళ్లు ముందు ఇద్దరు ముగ్గురు పెద్దల పక్కన కూర్చోవాలి. నేర్పకుండా, సాయం చేయకుండా, అరగంట ఊరకే చూడాలి. వేలు ఎక్కడ ఆగిందో, ఏది చూసి నవ్వారో, ఎప్పుడు కళ్లజోడు తీసి పక్కన పెట్టారో రాసుకోవాలి. యార్క్‌టౌన్‌లో చేసింది అదే. దానికి ఖర్చు లేదు.

సభ్యులు చేయాల్సింది ఒకటి ఉంది. సర్వసభ్య సమావేశానికి ముందు ప్రతి ఇంటి నుంచి పది మాటలు పంపండి. మీ ఇంట్లో పెద్దలు రోజూ పలికే మాటలు, వాళ్లు పలికినట్టే. పుస్తకం మాటగా దిద్దవద్దు. వంటింటివి, పొలానివి, పనివి, పేర్లు, ఏవైనా సరే. తెలుగు లిపి రాకపోతే తమిళ అక్షరాల్లోనే రాయండి. ఆ మాటల్లోంచే మన మొదటి పాఠం తయారుచేద్దాం.